తాతగారు ఏ సంవత్సరంలో కాలం చేశారు? పర్లాకిమిడి భూమి తగాదాపై ఒక వకీలు జవాబు

అమ్మా,

మీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను. ఈ ఉదయం కోర్టుకు బయలుదేరే ముందు మళ్లీ చదివాను. ముప్ఫై ఏళ్లకు పైగా పర్లాకిమిడి, బరంపురం కోర్టుల్లో తిరుగుతున్నవాణ్ణి. పుట్టిల్లు ఒడిశాలో, మెట్టినిల్లు ఆంధ్రలో, భూమి రెండు వైపులా ఉన్న కుటుంబాలు నాకు కొత్త కాదు. మీరు రాసినదంతా నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి.

మీ పుట్టిల్లు పర్లాకిమిడి దగ్గరి పల్లె. 1992లో టెక్కలి వైపు ఇచ్చారు. నాన్నగారు 2003లో పోయారు. అమ్మగారు ఉన్నారు, ఇద్దరు తమ్ముళ్లు. తాతల నాటి భూమిలో ఇప్పుడు మిగిలింది ఒడిశా వైపు 4 ఎకరాలు, పాతపట్నం వైపు 2 ఎకరాలు. ఒడిశా వైపే ఇంకొక ఎకరాన్ని 1999లో నాన్నగారూ తమ్ముళ్లూ కలిసి రిజిస్టరు చేసి అమ్మేశారు. మీరు వాటా అడిగితే తమ్ముళ్లు రెండు మాటలు అన్నారు. నాన్న 2005కు ముందే పోయాడు కాబట్టి ఆడపిల్లకు రాదన్నది ఒకటి. 1998లోనే పెద్దల ముందు పంచేసుకున్నామన్నది రెండోది. చివరికి పెద్దమనుషులు కూర్చుని 2 లక్షలకు ఒప్పించారు, మీ చేత తెల్లకాగితం మీద సంతకం పెట్టించారు, పెద్ద తమ్ముడు ఇచ్చిన చెక్కు బ్యాంకు నుంచి తిరిగి వచ్చింది. ఇది చాలదన్నట్టు బరంపురంలో ఇచ్చిన మీ అమ్మాయి 2024 మార్చిలో పుట్టింటికి వచ్చేసింది. ఫిర్యాదు ఇవ్వబోతే, జరిగింది ఒడిశాలో కాబట్టి అక్కడికే వెళ్లమని ఒక స్టేషనులో చెప్పారు.

ముందు చెక్కు సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడ రోజులు కరిగిపోతున్నాయి.

చెక్కు చెల్లలేదని బ్యాంకు కాగితం మీ చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల్లోగా తమ్ముడికి నోటీసు వెళ్లాలి. మీరు చెప్పిన తేదీని బట్టి 19 రోజులు గడిచాయి. మిగిలింది 11 రోజులు. నోటీసు అందాక డబ్బు కట్టడానికి ఆయనకు 15 రోజులు ఉంటాయి. కట్టకపోతే ఆ తర్వాత నెల రోజుల్లోగా మీరు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఫిర్యాదు ఆలస్యమైతే కారణం చెప్పుకుని కోర్టును మన్నించమని అడగవచ్చు. నోటీసు ఆలస్యానికి ఆ వీలు లేదు. చెక్కు మీద తేదీ నుంచి మూడు నెలలు దాటకపోతే మళ్లీ బ్యాంకులో వేసి, మళ్లీ తిరిగి వస్తే కొత్త గడువు తెచ్చుకునే దారి ఉంది గాని, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. స్పీడ్ పోస్టులో పంపించి రసీదు దాచుకోండి.

కేసు ఎక్కడ వేయాలని అడిగారు. మీ బంధువు ఎవరో 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించి, తమ్ముడి బ్యాంకు ఉన్న పర్లాకిమిడిలోనే వేయాలని చెప్పారట. ఆ తీర్పు నిజమే. 2014 ఆగస్టు 1న వచ్చింది, చెక్కు ఇచ్చినవాడి బ్యాంకు శాఖ ఉన్న చోటే కేసు నడవాలని చెప్పింది. దేశమంతటా లక్షల కేసులు తారుమారయ్యే పరిస్థితి వచ్చింది. మరుసటి ఏడాదే పార్లమెంటు చట్టాన్ని సవరించి, చెక్కు పుచ్చుకున్నవారు దాన్ని తమ ఖాతాలో వేస్తే ఆ ఖాతా ఉన్న శాఖ ఎక్కడుంటే అక్కడి కోర్టుకు అధికారం ఇచ్చింది. మీ ఖాతా టెక్కలిలో ఉంది కాబట్టి కేసు టెక్కలిలోనే. ఆ 2014 తీర్పు ఇప్పటికీ ఇంటర్నెట్టులో మొదట కనిపిస్తుంది, దాని పక్కన ఇది చెల్లిపోయిందని ఎవరూ రాయరు. మీ ప్రశ్నలోని తగాదాలన్నిటికీ మూలం ఇలాంటి పొరపాటే. తీర్పు దొరుకుతుంది, దాని తేదీ ఎవరూ చూడరు.

చెక్కు విషయంలో ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఆ 2 లక్షలు మీ వాటాకు బదులుగా ఇస్తానన్న డబ్బు. చెక్కు కేసు వేసి ఆ డబ్బు రాబట్టుకుంటూ, మరోవైపు ఆ ఒప్పందమే చెల్లదని భూమిలో పూర్తి వాటా అడిగితే అది రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే. తమ్ముడి వకీలు దాన్ని వదలడు. అందుకే నోటీసులో, ఈ గడువులోగా డబ్బు ముట్టకపోతే ఆ తెల్లకాగితానికి నేను కట్టుబడను అన్న మాట తప్పకుండా రాయించండి. ఫిర్యాదు వేయాలా, భూమి దావా వేయాలా అన్నది ఆ తర్వాత దొరికే వ్యవధిలో నిర్ణయించుకోవచ్చు. నా మటుకు నేను భూమి వైపే మొగ్గుతాను. ఎందుకో కింద లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

ఆ తెల్లకాగితం గురించి మీరు పడుతున్న భయం అక్కరలేదు. నూరు రూపాయలు మించిన స్థిరాస్తిలో హక్కు వదులుకుంటే ఆ కాగితం రిజిస్టరు కావాలి. మీ సంతకం ఉన్నంత మాత్రాన మీ హక్కు పోదు.

ఇక భూమి.

పెద్ద తమ్ముడు మీకు చూపించిన జిరాక్సు కాగితాలు 2015 అక్టోబరు 16 నాటి సుప్రీంకోర్టు తీర్పువి అయివుంటాయి. 2005 సెప్టెంబరు 9న హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ అమల్లోకి వచ్చేనాటికి తండ్రీ బతికి ఉండాలి, కూతురూ బతికి ఉండాలి, అప్పుడే కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానమైన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. 2018లో ఇంకో ధర్మాసనం, తండ్రి 2001లోనే పోయిన కుటుంబంలో కూతుళ్లకు వాటా ఇచ్చింది. రెండింటికీ పొత్తు కుదరక కింది కోర్టుల్లో ఎవరికి నచ్చిన తీర్పు వారు చదివారు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ తగువు తేల్చింది. కూతురికి హక్కు పుట్టుకతో వస్తుంది, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నది అనవసరం అని చెప్పి, 2015 నాటి తీర్పును కొట్టేసింది. కాబట్టి నాన్నగారు 2003లో పోయారన్నది మీకు అడ్డు కాదు. పెళ్లయిపోయిందన్నదీ అడ్డు కాదు.

రెండో మాట 1998 పంపకం. మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. గీతల నోటుపుస్తకం నుంచి చింపిన పేజీ. పైన "పారీకత్తు", అంటే పంపకం కాగితం అని రాసి ఉంది. కింద మడుల పేర్లు, వాటి ఎదురుగా తమ్ముళ్ల పేర్లు, అడుగున ఊదారంగు సిరాతో నాలుగు వేలిముద్రలు, రెండు సంతకాలు. స్టాంపు లేదు, రిజిస్ట్రేషను లేదు. మధ్యలో ఒక మడి పేరు కొట్టేసి పక్కన వేరే దస్తూరితో ఇంకో పేరు రాసినట్టు నాకు అనిపించింది. అసలు కాగితం కోర్టు ముందుకు వస్తే ఆ దిద్దుబాటు మీద మీ వకీలు చాలా ప్రశ్నలు వేస్తాడు.

ఆ 2005 సవరణ 2004 డిసెంబరు 20ని గీతగా పెట్టింది. ఆ తేదీకి ముందు జరిగిన అమ్మకాలు, వీలునామాలు, పంపకాలు కూతుళ్లు ప్రశ్నించలేరు. అయితే పంపకం అంటే రిజిస్టరైన భాగపత్రం గానీ కోర్టు డిక్రీ గానీ కావాలి. నోటిమాట పంపకాల గురించి వినీతా శర్మ తీర్పు గట్టిగానే మాట్లాడింది. ఆడపిల్లకు వాటా తప్పించడానికి అలాంటి కథలు పుట్టుకొస్తాయని గ్రహించి, నోటి సాక్ష్యం ఒక్కటే ఉంటే తోసిపుచ్చమంది. ప్రభుత్వ రికార్డులు ఆ పంపకాన్ని చాలాకాలంగా బలపరుస్తూ ఉంటేనే, అదీ అరుదుగా, ఒప్పుకోవచ్చని ఒక చిన్న సందు మాత్రం ఉంచింది. మీ గెలుపోటములు ఆ సందు దగ్గరే ఉన్నాయి. 1998 తర్వాత తమ్ముళ్ల పేర విడివిడిగా పట్టాలు మారాయా? శిస్తు వేర్వేరుగా కట్టారా? బ్యాంకులో పంట అప్పు ఎవరి మడి మీద వాళ్లు తెచ్చుకున్నారా? ఒడిశా వైపు రికార్డు భూలేఖ్ వెబ్‌సైటులో, ఆంధ్ర వైపుది మీభూమి వెబ్‌సైటులో ఇంటి నుంచే చూడవచ్చు. తర్వాత తహసీల్దారు కార్యాలయం నుంచి ధృవీకరించిన నకళ్లు తీసుకోండి. 2003 వరకు అంతా నాన్నగారి పేరనే నడిచిందని తేలితే, ఆ నోటుపుస్తకం పేజీ ఎంతో దూరం రాదు.

1999లో అమ్మిన ఎకరం సంగతి మరిచిపోండి. అది రిజిస్టరైన అమ్మకం, 2004 డిసెంబరుకు ముందుది. కొన్నవారిని దావాలోకి లాగితే కాలమూ డబ్బూ వృథా.

ఇక్కడ మన సరిహద్దుకే ప్రత్యేకమైన ఒక విషయం చెప్పాలి. ఇరు వైపుల వకీళ్లలో కూడా చాలామంది దీన్ని పట్టించుకోరు. అదే ఎకరాన్ని పాతపట్నం వైపు అమ్మి ఉంటే నా సలహా వేరుగా ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లో ఉంది. ఆ రోజుకు పెళ్లికాని కూతుళ్లు పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో భాగస్తులయ్యారు. మీ పెళ్లి 1992లో. అంటే ఆంధ్ర వైపు 2 ఎకరాల్లో మీ హక్కు 2005 నాటిది కాదు, అంతకు ఇరవై ఏళ్ల ముందే మొదలైందని వాదించవచ్చు. 1998లో ఆ 2 ఎకరాలూ మిమ్మల్ని పిలవకుండా పంచుకున్నామంటే, అప్పటికే భాగస్తురాలైన మనిషిని తప్పించి పంచుకున్నట్టు. ఒడిశాలో అలాంటి రాష్ట్ర సవరణ రాలేదు, అక్కడ ఆడపిల్ల 2005 దాకా ఆగింది. ఒకే తండ్రి కూతురు, ఒకే ఇంటి భూమి, గట్టు దాటితే ఇరవై ఏళ్ల తేడా. మీ దావాలో ఈ పేరా విడిగా రాయించండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీరు "తాతల నాటి భూమి" అని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. తాతగారు ఏ సంవత్సరంలో కాలం చేశారు?

ఇది నేను ఊరికే అడగడం లేదు. తాతగారు 1931లో కొన్న దస్తావేజు మీ అమ్మగారి దగ్గర ఉందని రాశారు. అప్పటికి ఇది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. ఒడిశా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అందుకే ఆ కాగితం తెలుగులో ఉంది. అలాంటివి నేను ఎన్నో చేతిలో పట్టుకున్నాను. పైన ఐదో జార్జి బొమ్మ, మడత పడిన చోటల్లా చిరుగు, సరిహద్దులు చెప్పే చోట తూర్పున చింతచెట్టు, దక్షిణాన ఫలానావారి గట్టు. ముప్ఫై ఏళ్లు దాటిన దస్తావేజు ఉండవలసినవారి దగ్గర ఉండి బయటికి వస్తే, అందులోని సంతకాలు నిజమైనవేనని కోర్టు అనుకోవచ్చు. సాక్షుల్ని వెతకవలసిన పని ఉండదు. తెలుగు నుంచి ఒడియాకో ఇంగ్లీషుకో అనువాదం చేయించి జతపరచాలి. దయచేసి దాన్ని లామినేషను చేయించవద్దు. కాగితం వయసూ సిరా పరిశీలించవలసి వస్తే ఆ ప్లాస్టిక్కే అడ్డం పడుతుంది.

తాతగారు తన సొంత డబ్బుతో కొన్నారనుకుందాం. హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న వచ్చింది. ఆయన అంతకు ముందే పోతే, ఆ భూమి నాన్నగారి చేతికి వచ్చాక కొడుకులతో ఉమ్మడి ఆస్తి అవుతుంది. 2005 సవరణతో మీరూ అందులో భాగస్తులు. లెక్క ఇలా ఉంటుంది. నాన్నగారు, మీరు, ఇద్దరు తమ్ముళ్లు నలుగురు భాగస్తులు, ఒక్కొక్కరికి పావు. నాన్నగారి పావు ఆయన తర్వాత అమ్మగారికీ మీ ముగ్గురికీ సమానంగా, అంటే పదహారో వంతు చొప్పున వస్తుంది. మీకు మొత్తం 16లో 5 వంతులు. 6 ఎకరాల్లో 1 ఎకరం 87 సెంట్ల పైచిలుకు. తమ్ముళ్లకూ అంతే. అమ్మగారికి 37 సెంట్ల పైచిలుకు.

తాతగారు 1956 తర్వాత పోయి ఉంటే కథ మారుతుంది. అప్పుడు నాన్నగారికి వచ్చినది ఆయన సొంత ఆస్తిగా వచ్చినట్టు. 1986లో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. సొంత ఆస్తి అయితే వీలునామా లేకుండా నాన్నగారు పోయారు కాబట్టి అమ్మగారికీ మీ ముగ్గురికీ తలా పావు, మీకు ఎకరంన్నర. అప్పుడు 2005 సవరణతో గానీ, తమ్ముడి 2015 తీర్పుతో గానీ పనే లేదు. 1956 చట్టమే మీకు చాలు. అయితే ఆ దారిలో ఇంకో తలుపు తెరుచుకుంటుంది. తాతగారి ఆస్తిలో మీ మేనత్తలకు కూడా వాటా వచ్చి ఉంటుంది. వాళ్లు గానీ వాళ్ల పిల్లలు గానీ ఉంటే దావాలో చేర్చక తప్పదు. చేర్చకపోతే అవసరమైన పార్టీలు లేరని దావా ఏళ్ల తర్వాత కుప్పకూలుతుంది. నా కళ్ల ముందే అలా పడిపోయిన దావా ఒకటి ఉంది. పదకొండేళ్లు నడిచాక మేనత్త కొడుకు ఒకడు కోర్టులో నిలబడి "మా అమ్మ వాటా మాట ఏమిటి?" అని అడిగాడు. మళ్లీ మొదటికి వచ్చాం. మీరు మేనత్తల గురించి ఒక్క మాటా రాయలేదు. అందుకే అడుగుతున్నాను.

ఇంకో లెక్క కూడా మీ చేతిలో ఉండాలి. 2005 సవరణ అసలు రాలేదనుకున్నా, ఉమ్మడి ఆస్తిలో నాన్నగారి వంతు మూడో భాగం. ఆ మూడో భాగంలో మీకు నాలుగో వంతు, అంటే మొత్తంలో పన్నెండో వంతు, 50 సెంట్లు. కాబట్టి ఆడపిల్లకు ఏమీ రాదు అన్న మాట ఏ చట్టం కిందా నిజం కాదు. పెద్దమనుషుల ముందు ఆ మాట అన్నప్పుడు మీరు తల దించుకున్నానని రాశారు. పసుపు కుంకుమ కింద ఏదో ఇచ్చారు కదా, ఇంకేం అడుగుతావు అన్నారట. కట్నం ఇచ్చినా, పసుపు కుంకుమ ఇచ్చినా వాటా హక్కు చెరిగిపోదు. మీరు అడిగింది మీది. తల దించుకోవలసిన అవసరం ఏమీ లేదమ్మా.

పల్లెలోని ఇంటి మాట కూడా అంతే. వెనకటి చట్టంలో మగపిల్లలు పంచుకుందామనే దాకా ఆడపిల్ల ఇంట్లో భాగం అడగకూడదన్న నియమం ఉండేది. 2005లో దాన్ని తీసేశారు.

గడువు సంగతి. ఉమ్మడి ఆస్తి నుంచి మిమ్మల్ని తప్పించారని మీకు తెలిసిన రోజు నుంచి 12 ఏళ్లు. తమ్ముళ్ల పేరు రికార్డుకు ఎక్కినంత మాత్రాన ఆ గడువు మొదలైపోదు. రెవెన్యూ రికార్డు శిస్తు ఎవరు కట్టాలో చెబుతుంది గాని హక్కు పుట్టించదు. నీకు వాటా లేదు పో అని మొహం మీద చెప్పింది ఎప్పుడో గుర్తు తెచ్చుకోండి. ఈ మధ్యనే అయితే చింత లేదు. పదేళ్ల కిందట అయితే ఇక ఒక్క సంక్రాంతి కూడా ఆగవద్దు.

దావా ఎక్కడ? భూమి రెండు రాష్ట్రాల్లో ఉన్నా రెండు దావాలు అక్కరలేదు. భూమిలో ఏ ముక్క ఏ కోర్టు పరిధిలో ఉన్నా అక్కడ మొత్తానికీ దావా వేయవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ సెక్షను చెబుతుంది. 2019లో ఇండోర్, ముంబయి ఆస్తుల కేసులో సుప్రీంకోర్టు దీనికి ఒక హద్దు పెట్టింది. దావాకు కారణం ఒకటే అయితే వేర్వేరు చోట్ల ఉన్న ఆస్తుల్ని కలపవచ్చు, కారణాలు వేరైతే కుదరదు అంది. మీది ఒకే కుటుంబం, ఒకే వారసత్వం, ఒకే నిరాకరణ. కలిసే ఉంటుంది. అందుకే 1999 ఎకరం కొన్నవారిని అందులోకి తేవద్దన్నాను. అది వేరే కారణం, దాని వల్ల మొత్తం దావా చిక్కుల్లో పడుతుంది.

పర్లాకిమిడా, పాతపట్నమా అంటే నేను పర్లాకిమిడి అంటాను. ఎక్కువ భూమి, రికార్డులు, సాక్షులు అక్కడే ఉన్నారు. భాష గురించి మీ భయం నాకు తెలుసు. కింది కోర్టు కాగితాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో నడుస్తాయి. కాని పర్లాకిమిడిలో తెలుగు తెలిసిన వకీళ్లకూ గుమస్తాలకూ కొదువ లేదు. మీకు ఒడియా రాకపోతే మీ సాక్ష్యం తెలుగులోనే చెప్పి అనువదించి రాయించుకోవచ్చు. సంతకం పెట్టే ముందు ప్రతి కాగితం తెలుగులో చదివించుకోండి. ఇది మాత్రం మొహమాటపడకుండా పట్టుబట్టండి.

మీ ప్రశ్న కింద ఒకరు, హద్దు తగాదా ఉన్న ఊళ్లలో ఏం చేయాలని అడిగారు కాబట్టి చెబుతున్నాను. కొరాపుట్ జిల్లా పొట్టంగి వైపు కొటియా ఊళ్ల మీద ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006లో కోర్టు ఆ హద్దు తేల్చకుండానే దావా ముగిసింది. 2021లో అక్కడ ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు జరిపినప్పుడు ఒడిశా కోర్టు ధిక్కార పిటిషను వేసింది. అక్కడి జనానికి రెండు రాష్ట్రాల రేషను కార్డులూ, ఓటరు కార్డులూ ఉన్నాయి. అలాంటి చోట కుటుంబ భూమి దావా వేయాలంటే రెండు వైపుల రెవెన్యూ రికార్డులూ ముందు పెట్టుకుని మాట్లాడాలి. మీ ఊరికి ఆ బాధ లేదు.

ఇంకొకటి, అడిగింది మీరు కాకపోయినా. సవర, జాతాపు వంటి గిరిజన కుటుంబాల ఆడపిల్లలు పైన రాసిన లెక్క తమకూ వర్తిస్తుందనుకోవద్దు. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు. అయితే 2025 జులై 17న సుప్రీంకోర్టు ఒక గిరిజన కుటుంబం కేసులో, ఆడవాళ్లకు వాటా లేదన్న ఆచారం ఉందని రుజువు కానప్పుడు వాటా నిరాకరించడం సమానత్వానికి విరుద్ధమని చెప్పి వాటా ఇచ్చింది. ఆచారం ఏమిటో, దాన్ని ఎవరు రుజువు చేయాలో అక్కడ కీలకం. మన గజపతి జిల్లాలోని గుమ్మ, రాయగడ బ్లాకుల్లో, ఆర్. ఉదయగిరి వైపు భూములు ఇంకొక కంట చూడాలి. అవి షెడ్యూల్డ్ ప్రాంతం. 1956 నాటి ఒడిశా నిబంధన ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాదు. ఎవరైనా అక్కడ చవగ్గా భూమి ఇప్పిస్తామంటే నమ్మవద్దు.

మీ అమ్మాయి సంగతి చివరికి పెట్టానంటే అది చిన్నదని కాదు. అది రాయడానికి నాకు స్థిమితం కావలసి వచ్చింది.

ఆ స్టేషనులో చెప్పింది తప్పు. అత్తింటి వేధింపులు తట్టుకోలేక తలదాచుకున్న చోట కూడా కేసు పెట్టవచ్చని 2019 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. దెబ్బలు బరంపురంలో తగిలినా వాటి బాధ పుట్టింట్లోనూ ఉంటుందని అది గుర్తించింది. అదీగాక 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం ప్రకారం, నేరం ఏ పరిధిలో జరిగినా స్టేషనులో సమాచారం తీసుకుని నమోదు చేయాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటే అదే. మళ్లీ కాదంటే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లండి.

ఇక్కడా తేదీయే ముఖ్యం. అమ్మాయి వచ్చేసింది 2024 మార్చిలో. అంటే అప్పటిదాకా జరిగినది పాత శిక్షాస్మృతి 498-ఎ కిందకు వస్తుంది. జులై 1 తర్వాత ఫోనులో బెదిరింపులు వచ్చి ఉంటే అవి కొత్త భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షను కిందకు. రెండూ విడదీసి, తేదీల వారీగా రాయండి. "ఎప్పుడూ కొట్టేవాడు" అన్న వాక్యం కంటే "2023 దసరా మరునాడు, వంటింట్లో, వాళ్ల అమ్మ ముందు" అన్న వాక్యం వందరెట్లు బలమైనది. ఈ నేరానికి కేసు పెట్టే గడువు చివరి ఘటన నుంచి మూడేళ్లు.

అయితే అమ్మా, అందరి పేర్లూ రాయవద్దు. ఆడపడుచు భర్త, దూరపు బావగారు అంటూ పదిమందిని చేర్చితే నిజంగా చేసినవాడు ఆ గుంపులో దాక్కుంటాడు. ఆ పదిమంది కోర్టుకు వెళ్లి పేర్లు తీయించుకుంటారు, అసలు కేసు పలచబడుతుంది. అరెస్టు ఆశ కూడా పెట్టుకోవద్దు. ఇలాంటి కేసుల్లో కారణాలు నమోదు చేయకుండా అరెస్టు చేయరాదని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఆమెకు ఇప్పుడు కావలసింది బతుకు గడవడం. మనోవర్తి పిటిషను తాను ఉంటున్న చోటే వేయవచ్చు. 2020 నవంబరు 4 నాటి తీర్పు ప్రకారం భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో చెప్పాలి. మనోవర్తి పిటిషను వేసిన తేదీ నుంచి లెక్క కడతారు, తీర్పు తేదీ నుంచి కాదు. అందుకే ఆలస్యం చేసిన ప్రతి నెలా ఆమెకు నష్టమే. పుట్టింటి నగలు స్త్రీధనం, అవి ఆమెవే. భర్తకు వాటి మీద హక్కు లేదని 2024 ఏప్రిల్‌లోనూ సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. పెళ్లి ఫొటోల్లో ఏ నగ ఎక్కడ కనిపిస్తుందో చూసి జాబితా రాసుకోండి. ఒకవేళ అల్లుడు బరంపురంలో విడాకుల కేసు వేస్తే, దాన్ని ఆంధ్రకు మార్చించుకోవడానికి కటక్ హైకోర్టుకో అమరావతి హైకోర్టుకో కాదు, సుప్రీంకోర్టుకే వెళ్లాలి. రెండు రాష్ట్రాల మధ్య కేసు మార్చే అధికారం దానికే ఉంది. సమన్లు వస్తే పక్కన పడేయవద్దు. ఆమె లేకుండానే తీర్పు వచ్చేస్తుంది.

ఖర్చు గురించి మొహమాటంగా ఒక వాక్యం రాసి ఆపేశారు. న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మీకూ, అమ్మాయికీ ఇద్దరికీ. పర్లాకిమిడిలోనూ శ్రీకాకుళంలోనూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. తమ్ముళ్లతో రాజీ కుదిరితే లోక్ అదాలత్‌లో రాయించుకోండి. అది డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. రాజీ అంటే అమ్మగారితో సహా అందరూ సంతకం చేసినదే. ఒడిశా నుంచే వెళ్లిన ఒక పంపకం కేసులో, ఒక అక్కచెల్లెలి సంతకం లేకుండా మిగిలినవారు చేసుకున్న రాజీ చెల్లదని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ దావా 1980లో వేసినది.

వచ్చే సోమవారంలోగా చెక్కు నోటీసు వెళ్లిపోవాలి. ఆ తర్వాత ఈ కాగితాలు ఒక సంచిలో పెట్టుకోండి: 1931 దస్తావేజు, రెండు వైపుల భూమి రికార్డుల నకళ్లు, నాన్నగారి మరణ ధృవీకరణ పత్రం, 1999 అమ్మకం నకలు, మీ పెళ్లి శుభలేఖ. 1992 నాటి శుభలేఖ ఎందుకంటే, 1985 నాటికి మీకు పెళ్లి కాలేదని చూపించే కాగితం అదే.

తాతగారి మరణ తేదీ అమ్మగారిని అడగండి. సంవత్సరం గుర్తు లేకపోతే, ఆయన పోయినప్పుడు నాన్నగారికి పెళ్లయిందా, మీరు పుట్టారా అని అడగండి. మేనత్తలు ఎంతమందో, వాళ్ల పిల్లలు ఎక్కడున్నారో కూడా రాయండి. లెక్క మళ్లీ వేసి చెబుతాను.